వైఫై పెట్టెకు ఏ మూల మంచిది

మదనపల్లెలో ఇల్లు కట్టుకున్నప్పుడు మెట్లను ఈశాన్యంలో పెట్టించాను. మేస్త్రీ మూడు రోజులు పనికి రాలేదు. నాలుగో రోజు వచ్చి, ఈ పాపంలో తనకు భాగం లేదని నా నోటితో చెప్పించుకుని అప్పుడు తాపీ పట్టాడు. నీళ్ల ట్యాంకు, మరుగుదొడ్డి కూడా ఆ వైపే కట్టించాను. పునాది తవ్వకం రాహుకాలంలో మొదలుపెట్టాం. వాస్తుకు వ్యతిరేకంగా వేదికలెక్కి మాట్లాడడం నాకు ఎన్నో ఏళ్ల అలవాటు. మాట్లాడేవాడి ఇల్లే ఆ మాటకు సాక్ష్యంగా నిలవాలని నమ్మినవాణ్ణి. ఇన్నేళ్లలో ఆ ఇంటికి ఏ కీడూ జరగలేదు. మెట్ల మీద ఒకసారి జారి పడ్డాను. అది తడి కాళ్ల వల్ల.

నా భార్య లెక్కల టీచరు. అంగళ్లు దగ్గర బడిలో పనిచేసి పదవీ విరమణ పొందింది. ఇంటికొచ్చిన మూడో నెలకల్లా ఆమెకు ఊపిరాడలేదు. కూరగాయల బుట్టలో వంకాయలను వరసలుగా పేర్చి, మిగిలినవి ఎన్ని అని నన్ను అడిగేది. ఆ సమయంలోనే ఆన్‌లైన్లో పిల్లలకు పాఠాలు చెప్పించే ఒక సంస్థ ఆమెను తీసుకుంది. ఒక నెల పరీక్షా కాలం. ఆ నెలలో మూడు క్లాసులు మధ్యలో తెగిపోతే ఇక పిలవరు. జీతం సంగతి ఆమె అడగనే లేదు. మళ్లీ పిల్లల ముందు కూర్చోవడమే ఆమెకు కావాలి. నన్ను అడిగింది ఒక్కటే, మేడ మీది గదిలో ఇంటర్నెట్.

కింద హాల్లో ఇంటర్నెట్ బాగానే ఉండేది. కానీ మా వీధిలో టమోటా లారీలు తిరుగుతాయి. ఆ హారన్ల మధ్య భిన్నాలు చెప్పడం కుదరదు. మేడ మీది గది నిశ్శబ్దంగా ఉంటుంది, అయితే కింద ఉన్న పెట్టె సిగ్నలు శ్లాబు దాటి పైకి రాదు. ఫోను డేటా పెట్టుకుందామంటే ఆ గదిలో ఒకే గీత కనిపిస్తుంది, అదీ కిటికీ పక్కన నిలబడితేనే. కాబట్టి కింది పెట్టె నుంచి ఒక తీగ పైకి లాగి, అక్కడ రెండో వైఫై పెట్టె బిగించాలి. ఆ రెండో పెట్టె మా బావ దగ్గర ఉంది.

బావ అంటే నా భార్యకు అన్న. పుంగనూరులో ఎరువుల అంగడి. మంచి మనిషి, వాస్తు కోసం వంటిల్లు రెండుసార్లు పడగొట్టి కట్టుకున్నవాడు. మా పెళ్లినాటి నుంచీ మా ఇద్దరి మధ్య వాదం నడుస్తూనే ఉంది. ఆయన కొత్త పెట్టె కొనుక్కుని పాతది మాకిస్తానన్నాడు. నేను బస్సెక్కి పుంగనూరు వెళ్లాను. పాతది ఉన్న చోటే కొత్తదీ ఉంది, ఆగ్నేయంలో, వంటింట్లో పొయ్యికి నెత్తిన. తాళింపు ఆవిరి దాని మీద చెమటలా పేరుకుని ఉంది. బావకు ఫోను మోగింది, ఆయన లేచి వీధి గడపలోకి పోయి మాట్లాడి వచ్చాడు. ఇంట్లో సిగ్నలు అందదా అని అడిగాను.

“తక్కువే అందుతాది. కానీ అందేది మంచి సిగ్నలప్పా” అన్నాడు.

పాత పెట్టెను ఆయన ఒక పాత పంచెలో చుట్టి ఇచ్చాడు. ఆయుధపూజ నాడు ఏటేటా పెట్టిన పసుపు, కుంకుమ పొరలు పొరలుగా గట్టిపడి, కింది భాగంలో కంపెనీవాళ్లు అంటించిన కాగితం పూర్తిగా మూసుకుపోయి ఉంది. చేతికిస్తూ బావ నన్ను హెచ్చరించాడు.

“కరెంటుతో నడిచేది ఏదైనా అగ్నేనప్పా. ఆగ్నేయంలోనే పెట్టాల. మెట్ల మీద సూపించినావు సరే, నీ మొండితనం దీని మీద సూపించొద్దు. మా చెల్లెలి పని ఉండాది దీంట్లో.”

ఆ మాట అనకుండా ఉంటే పెట్టెను ఎక్కడ అనువుగా ఉంటే అక్కడ పెట్టేవాణ్ణేమో. అన్నాడు కనుక ఇంటికి రాగానే గోడకు కన్నాలు వేసే డ్రిల్లు తీసి ఈశాన్యంలో, మెట్లు ముగిసే చోట, నీళ్ల ట్యాంకు గోడకు ఆనించి బిగించాను. నా భార్య బల్ల గదిలో ఆగ్నేయ మూలన ఉంది. కిటికీ వెలుతురు అక్కడే పడుతుంది కనుక ఆమె అక్కడ కూర్చుంది, వేరే కారణం లేదు. పెట్టెకూ ఆమెకూ మధ్య ఒక గోడ, ఒక ఇనుప బీరువా, గది మొత్తం పొడవు. మిగిలిన తీగను చుట్టగా చుట్టి పెట్టె వెనక తోశాను. లాప్‌టాప్‌లో గీతలు నిండుగా వచ్చాయి. బావకు ఫోను చేసి, ఈశాన్యంలో దివ్యంగా వెలుగుతోందని చెప్పాను. దివ్యంగా అన్న మాట కావాలనే వాడాను.

మొదటి రెండు క్లాసులు బాగా జరిగాయి. మూడోదానిలో, గసాభా చెబుతుండగా, పిల్లలందరూ తెర మీద బొమ్మల్లా ఆగిపోయారు. గీతలు నిండుగానే ఉన్నాయి. వైఫై కలిసిందని రాసి ఉంది, ఇంటర్నెట్ లేదని దాని కిందే రాసి ఉంది. ఆ తర్వాతి వారం ఇంకో క్లాసు అలాగే తెగింది. రెండు అయిపోయాయి. సంస్థవాళ్లు మర్యాదగా ఒక సందేశం పంపారు. ఇంకొకటి తెగితే పరీక్షా కాలం ముగిసినట్టే.

ఇక్కడ నా పద్ధతి గురించి చెప్పాలి. కారణం తెలియని చోట జనం దేవుణ్ణీ దిష్టినీ తెచ్చి పెడతారు, మనం మాత్రం పుస్తకం తెచ్చి పెట్టాలని నేను ఊరూరా చెప్పినవాణ్ణి. ఒక నోటు పుస్తకంలో గళ్లు గీశాను. రోజు, వేళ, వాన ఉందా, ట్యాంకు నిండుగా ఉందా, మోటారు నడుస్తోందా, మిక్సీ వేశారా, సిగ్నలు ఉందా పోయిందా. క్లాసు ఉన్నా లేకున్నా రోజుకు రెండుసార్లు పైకెళ్లి చూసి రాసేవాణ్ణి, నేను లేనప్పుడు పోతే నా భార్య చెప్పిన వేళ రాసేవాణ్ణి. తెగిపోయిన ప్రతిసారీ ట్యాంకును అనుమానించాను, మోటారును అనుమానించాను. ఒక మధ్యాహ్నం పెట్టె నెత్తిన పావురం కూర్చోవడం చూసి ‘పావురం’ అని కొత్త గడి కూడా గీశాను. పది రోజులు గడిచాక పుస్తకం నా భార్య చేతికిచ్చాను. లెక్కల టీచరు కదా, ఏదైనా సూత్రం కనబడుతుందేమో అని.

ఆమె పెన్సిలు పట్టుకుని చాలాసేపు చూసింది. మా పెళ్లిలో ప్రమాణాలకు బదులు ఒకరినొకరు ‘నువ్వు’ అని పిలుచుకుంటామని సభలో చెప్పాం. ఆ నువ్వు ఆ రోజు నాకు కొంచెం గట్టిగా తగిలింది.

“వానకు సంబంధం లే. ట్యాంకుకు లే. పావురానికీ లే. పోయింది పదకొండు తూర్లు. దాంట్లో తొమ్మిది తూర్లు నువ్వు పైకొచ్చినాకే పోయింది” అంది.

యాదృచ్ఛికం అన్నాను.

“నేను శకునం అనడంలే. లెక్క అంటాండా. నీ పుస్తకమే చెప్తాండాది” అంది. తర్వాత చాలా మెల్లగా, క్లాసుకు ముందు మెట్లెక్కొద్దని అడిగింది.

నల్లపిల్లి ఎదురొస్తే ప్రయాణం ఆపే జనాన్ని చీల్చి చెండాడిన మనిషిని నేను. ఇప్పుడు నా ఇంట్లో, నా పుస్తకంలో, నా చేతిరాతలో నేనే ఆ పిల్లినయ్యాను. ఆమె మాటను ఖండించడానికి రెండుసార్లు పైకెళ్లాను. రెండుసార్లూ పోయింది. మెట్ల మీదే కూర్చుని, మనిషి ఒంట్లోని నీరు సిగ్నలును తాగేస్తుందేమో అని ఆలోచించాను. నాకన్నా ట్యాంకులో నీరెక్కువ కదా అని మళ్లీ నేనే జవాబు చెప్పుకున్నాను.

పరీక్షా కాలంలో చివరి క్లాసు ఆదివారం పదకొండు గంటలకు. అది సంస్థవాళ్లు కూడా కూర్చుని చూసే క్లాసు. ఆ ఉదయం పదింటికి, పరువు పక్కన పెట్టి, కుప్పంలో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబు చూసుకునే నా చెల్లెలికి ఫోను చేశాను. ఆమె ఎవరిదో గృహప్రవేశానికి బస్సులో వెంకటగిరికోట పోతోంది. నేను ట్యాంకు నుంచి మొదలుపెట్టబోతే ఆపి, ఆ పెట్టె ఎక్కడిది, లోపల ఏమైనా మార్చావా అని అడిగింది. బావ ఇచ్చినట్టే తగిలించానని చెప్పాను. ఆమె నవ్వింది. బస్సు రొదలో కూడా ఆ నవ్వు నాకు బాగా వినిపించింది.

“అన్నా, ఒక అన్నదానం అనుకో. వచ్చినోళ్లకు టోకెన్లు ఇచ్చే పెద్దమనిషి ఒకడే ఉండాల. మీ ఇంట్లో ఇద్దరు ఉండారు. కిందాయన టోకెనుకు అన్నం పెడతారు. పైనాయన టోకెను తీసుకుంటే పంక్తిలో కూర్చుంటావు, ఆకు కూడా వేస్తారు. అన్నం మాత్రం రాదు.”

ఆకు వేయడమే ఆ నిండు గీతలు. అన్నం లేకపోవడమే ఇంటర్నెట్ లేదన్న ఆ మాట. బావ ఇంట్లో ఆ పెట్టె ఒక్కటే ఉండేది కనుక టోకెన్లు ఇచ్చేది. మా ఇంట్లో కూడా తనే పెద్దమనిషిననుకుంటోంది. చెల్లెలి పక్క సీటులో ఎవరో పెద్దావిడ ఈ మాటలన్నీ విన్నట్టుంది. ఊరి పెద్దను పిలిపించి ఆ ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడితే సర్దుకుంటారు కదమ్మా అని ఆమె సలహా చెప్పడం ఫోనులో నాకు స్పష్టంగా వినిపించింది.

మరి నేను ఎక్కినప్పుడే ఎందుకు పోతోందని అడిగాను. పైకెళ్లి ఏం చేస్తావని చెల్లెలు అడిగింది. ఏమీ లేదు, మంచిదని పెట్టెను ఒకసారి ఆపి మళ్లీ వేస్తాను అన్నాను.

“ఎవురు చెప్పినారు మంచిదని?”

ఎవరూ చెప్పలేదు. ఒకసారి అలా చేస్తే పనిచేసింది. అప్పటి నుంచి ప్రతిసారీ చేస్తున్నాను, క్లాసు ఉన్న రోజు రెండుసార్లు. టోకెను గడువు తీరినప్పుడే కాదు, నేను ఆపి వేసినప్పుడల్లా కూడా లాప్‌టాప్ పాత టోకెను పారేసి కొత్తది అడుగుతుంది, దగ్గరున్న పైపెట్టె ముందుగా చేయి చాపుతుంది. ఆధారం లేకుండా, ఒకసారి ఫలించిందని పదేపదే చేసే పనిని ఏమంటారో నేను వేదికల మీద కొన్ని వందలసార్లు చెప్పాను. ఆ మాట ఇక్కడ మళ్లీ రాయను.

చేయాల్సింది చిన్న పని. పైపెట్టె లోపలికెళ్లి టోకెన్లు ఇవ్వడం ఆపేయాలి. లోపలికెళ్లాలంటే దాని పాస్‌వర్డు కావాలి. పిన్నీసుతో పొడిచి మొత్తం చెరిపేసే దారి ఒకటుంది గానీ, చెరిపాక అవసరమయ్యే వివరాలు కింద అంటించిన కాగితం మీద ఉంటాయి. ఆ కాగితం ఎన్నో ఆయుధపూజల కింద ఉంది. గోటితో గీకాను, పసుపుతో పాటు అక్షరాలూ ఊడి వచ్చాయి. పదీ ఇరవై అయింది. బావకు ఫోను చేశాను.

“చెప్తా. యాడ పెట్టినావు దాన్ని?” అన్నాడు.

ఆయనకు తెలుసు. నేనే దివ్యంగా అని చెప్పాను. ఈశాన్యం అన్నాను.

“ఆగ్నేయంలో పెట్టు. పెట్టినానని చెప్పు. అప్పుడు చెప్తా.”

వాదించాను. పెట్టెకూ దిక్కుకూ సంబంధం లేదని, లోపం టోకెన్లదని, భూమి గుండ్రంగా ఉందని కూడా చెప్పాను. భూమి ఎట్లుంటే నాకేం, మా చెల్లెలి గది చదరంగా ఉండాది కదా అన్నాడు. పది నిమిషాలు పోయాయి. నా భార్య ఉతికిన చీర కట్టుకుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని మెట్ల పైన నిలబడి ఉంది.

“నువ్వు వాదం గెలువు. నేను పిల్లోళ్లకు సెలవని చెప్తా” అంది.

కోపంగా అని ఉంటే ఇంకో రెండు మాటలు మాట్లాడేవాణ్ణి. మామూలుగా అంది. అప్పుడు నాకొక ఉపాయం తోచింది. పెట్టాను అని చెప్పేస్తే సరి. బావ పుంగనూరులో ఉన్నాడు, చూడబోడు. కావాలంటే ఫొటో పంపిస్తానని ఫోనులో బావతో అన్నాను, పెట్టకుండా ఎలా పంపాలో తెలియకుండానే.

“ఫొటో యాల? నువ్వు పెట్టినానంటే సాలు. దేవుడికి భయపడవు గానీ అబద్ధానికి భయపడతావు. ఇన్నేండ్లుగా సూస్తాండా కదా” అన్నాడు.

ఇంతకన్నా దుర్మార్గమైన దెబ్బ నన్ను ఏ సభలోనూ ఎవరూ కొట్టలేదు. స్క్రూలు విప్పాను. పెట్టెను, తీగ చుట్టను చంకన పెట్టుకుని గది దాటి ఆగ్నేయ మూలకు పోయాను. తీగ గది మధ్యలో బట్టలారేసే దండెంలా సాగింది. బల్ల దాకా రాలేదు. మూలన, తల కన్నా జానెడు ఎత్తులో గోడ దాకా వచ్చి ఆగిపోయింది. మేకు కొట్టే వ్యవధి లేదు. రెండు చేతులతో పెట్టెను పైకెత్తి గోడకు అదిమి పట్టుకున్నాను. నా భార్య నా ఫోను తీసి నా చెవి దగ్గర పెట్టింది. పెట్టినావా అని బావ అడిగాడు. పట్టుకున్నాను అన్నాను. సరిపోతుందో లేదో ఆయన కాసేపు ఆలోచించాడు.

“సాలు” అన్నాడు.

పాస్‌వర్డు ఆయన గృహప్రవేశ ముహూర్తం. రోజు, నెల, ఏడు, గంట, నిమిషం. ఒక్క అంకె కూడా తడబడకుండా చెప్పాడు. నా భార్య నా ఫోనులో అది కొట్టింది, తన ఫోను స్పీకరులో నా చెల్లెలు బస్సులోంచి దారి చెప్పింది, అది నొక్కు వదినా, ఇది తీసెయ్, భద్రపరచు. పక్క సీటు పెద్దావిడ ఒప్పుకున్నారా ఇద్దరూ అని అడిగింది. లాప్‌టాప్‌లో ఇంటర్నెట్ లేదన్న వాక్యం మాయమైంది. పదకొండుకు మూడు నిమిషాలు.

ఇక పెట్టెను కదిలించే ధైర్యం మా ఇద్దరికీ లేదు. క్లాసు మొదలైంది. పిల్లలు వచ్చారు, సంస్థవాళ్లు ఇద్దరు మాట్లాడకుండా ఒక గడిలో కూర్చున్నారు. పది నిమిషాలు గడిచాక ఒక పాప, మేడమ్ మీ వెనకాల తాత ఎందుకు చేతులెత్తుకుని నిలబడ్డాడు అని అడిగింది. నా మోచేతులు కెమెరాలో పడుతున్నాయని అప్పుడు తెలిసింది. నా భార్య తిరిగి కూడా చూడలేదు.

“ఈ రోజు పాఠం కోణాలు. ఆయన చేతికీ గోడకూ మధ్య కోణం ఎంతో ఎవరు చెప్తారు?” అంది.

అరవై అన్నారు, నలభై అయిదు అన్నారు. చేయి కొంచెం దించమని ఆమె నాతో అంది, దించాను. ఇప్పుడెంత అంది. గదిలో ఆగ్నేయ మూలన, రెండు చేతులూ పైకెత్తి, లఘుకోణం నుంచి లంబకోణానికీ లంబకోణం నుంచి గురుకోణానికీ నేను నలభై నిమిషాలు మారుతూ ఉన్నాను. పెట్టె మాత్రం గోడ నుంచి జారకూడదు కనుక కోణాలన్నీ ఒక చేతితోనే. క్లాసు ఒక్క క్షణం కూడా ఆగలేదు. చివర్లో సంస్థ మనిషి, ఇలా వస్తువులతో బోధించడం తమకు నచ్చిందని చెప్పాడు. ఆమె ఉద్యోగం ఖాయమైంది.

ఆ సాయంత్రమే ఆమె మేకు కొట్టించి పెట్టెను అక్కడే బిగించింది. రెండు రోజుల్లో పుంగనూరులో ఎరువుల అంగడికొచ్చిన రైతులందరికీ, మదనపల్లె నాస్తికుడు ఆగ్నేయానికి దిగొచ్చాడని తెలిసిపోయింది. నేను ఊరుకోలేదు. సిగ్నలు నిలిచింది టోకెన్లు ఆపినందుకే తప్ప దిక్కు మార్చినందుకు కాదని రుజువు చేయడం తేలిక. పెట్టెను మళ్లీ ఈశాన్యంలో బిగించి వారం చూస్తే చాలు. అక్కడా నడిస్తే బావ ఓడిపోతాడు. నడవకపోతే గోడా బీరువా దూరమూ కారణమని తేలుతుంది, అప్పుడు నేను ఓడిపోతాను గానీ వాస్తు గెలవదు. రెండు విధాలా నిజం తెలుస్తుంది. ఇది నా భార్యకు కాగితం మీద గళ్లు గీసి మరీ వివరించాను.

ఆమె మొత్తం విని, ప్రయోగం సరిగ్గానే ఉందని ఒప్పుకుంది. రేపు క్లాసుందని చెప్పింది. ఎల్లుండి అన్నాను. ఎల్లుండీ ఉంది. వారానికి ఆరు రోజులు, ఇప్పుడు నలభై మంది పిల్లలు. స్క్రూడ్రైవరును తన బీరువాలో పెట్టి తాళం వేసుకుంది. రుజువు లేనిదే ఏదీ ఒప్పుకోవద్దని చెబుతూ తిరిగినవాణ్ణి, నా ఇంటి గోడ మీదే రుజువు కాని పెట్టె ఒకటి పచ్చ దీపం వెలిగించుకుని నన్ను చూస్తోంది.

ఆదివారమైనా ఇవ్వమని అడిగాను.

“ఆదివారం పిల్లోళ్లు సందేహాలు అడిగే రోజు. నీకు ఉంటే నువ్వూ రా. చెయ్యి ఎత్తు, పిలుస్తా” అంది.